ఎండిపోయిన కల ఎవరిది?

నాన్నా,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాయిదా పడ్డ కల ఏమవుతుందని అడిగే లాంగ్‌స్టన్ హ్యూస్ ‘హార్లెమ్’ కవితలోని పోలికలు తీసి, హాన్స్‌బెర్రీ రాసిన ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ నాటకంలో మనుషులకి తలా ఒకటి పంచావు. ఎండుద్రాక్ష తల్లి లీనాకి, పుండు కొడుకు వాల్టర్‌కి, బరువు కోడలు రూత్‌కి, పేలుడు మళ్ళీ వాల్టర్‌కే. పొందిగ్గానే ఉంది. కానీ ఆ ఇంట్లో మనుషులు అంత విడివిడిగా బతకడం లేదురా. షికాగో సౌత్ సైడ్‌లో ఒక నల్లజాతి కుటుంబం ఉండే ఇరుకు వాటా, పక్కవాళ్ళతో కలిసి వాడుకునే స్నానాలగది, పడుకోడానికి సోఫా తప్ప చోటులేని పిల్లాడు. అక్కడ ఒకరి కల ఆగితే ఇంకొకరికి ఊపిరాడదు.

ఎండుద్రాక్ష విషయమే చూడు. లీనాకంటే ముందు అది ఆమె భర్తది, నాటకంలో ఒక్కసారి కూడా కనిపించని మనిషిది. ఏడాదికి మించి ఉండకూడదనుకుని ఆ వాటాలో దిగారు. మోర్గాన్ పార్క్‌లో చిన్న ఇల్లు కొనుక్కుందామనుకున్నారు. ఆయన పనిచేసి చేసి పోయాడు. మిగిలింది 10,000 డాలర్ల ఇన్సూరెన్స్ చెక్కు. ఇల్లంతా కొట్టుకునేది ఆ డబ్బు కోసమే.

రూత్ దగ్గర నువ్వు తొందరపడ్డావు. ఆ కవితలో వాక్యాలన్నీ ప్రశ్నలే, బరువుకి కుంగిపోతుందేమో అన్న ఒక్క మాట తప్ప. రూత్ అలసిన మనిషే, నిజం. కానీ వాల్టర్ ఆ ఇన్సూరెన్స్ డబ్బు పోగొట్టాక ఏమంటుంది? బిడ్డని వీపుకి కట్టుకుని రోజుకి ఇరవై గంటలు పనిచేస్తాను, లీనా కొన్న కొత్త ఇంటికి మాత్రం మారుదాం అంటుంది. కుంగాల్సిన మనిషి ఇంకా బరువెత్తమని తనే అడుగుతోంది! నాకు ఆ చోట ప్రతిసారీ కళ్ళు తడుస్తాయి.

పేలుడు కూడా మొదట వాల్టర్‌ది కాదు. ఆ డబ్బు పోయిందని తెలిసినప్పుడు, ఎప్పుడూ సర్దిచెప్పే లీనాయే కొడుకు ముఖం మీద కొడుతుంది.

ఇక నువ్వు వదిలేసిన పోలిక, పైన చక్కెర పేరుకున్న పాకం. మొదటి రంగంలోనే ఉంది. వాల్టర్, రూత్‌ల పిల్లాడు ట్రావిస్ బడికి 50 సెంట్లు కావాలంటాడు. రూత్ లేవంటుంది. వాల్టర్ దర్జాగా ఇస్తాడు, పైన ఇంకో 50 కూడా. ఆ తర్వాత పనికెళ్ళడానికి బండి చార్జీ రూత్‌నే అడుక్కుంటాడు. కొడుకు ముందు తియ్యదనం, లోపల ఖాళీ జేబు. తరవాత లీనా ఇల్లు కొన్న తెల్లవాళ్ళ పేట తరఫున లిండ్నర్ వస్తాడు, మర్యాదగా, మెత్తగా. మీరు అక్కడికి రాకుండా ఉంటే ఆ ఇంటికి మంచి ధర ఇస్తామంటాడు. అదీ పాకమే, కాకపోతే విషం కలిసింది. ఈ ఘట్టం హాన్స్‌బెర్రీ పూర్తిగా ఊహించి రాసింది కాదు. ఆమె నాన్న అలాంటి పేటలో ఇల్లు కొన్నందుకు నడిచిన వ్యాజ్యం 1940లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కవిత 1951లో, నాటకం 1959లో వచ్చాయి. ఆ కలని వాయిదా వేసింది వాళ్ళ సోమరితనం కాదని నీ వ్యాసంలో ఎక్కడో ఒకచోట గట్టిగా చెప్పు.

చివర్లో వాల్టర్ లిండ్నర్ డబ్బు తీసుకోడానికి సిద్ధపడతాడు. రూత్ ట్రావిస్‌ని కిందికి పంపబోతే లీనా ఒప్పుకోదు. పిల్లాడు ఇక్కడే ఉంటాడు, నువ్వేం చేస్తున్నావో వాడికి చెప్పు అని వాల్టర్‌తో అంటుంది. కొడుకు చూస్తుండగా వాల్టర్ నోట ఆ బేరం మాట రాదు. మొదటి రంగంలో అదే పిల్లాడి ముందు లేని డబ్బు ఉన్నట్టు చూపించిన మనిషి!

ఆ పంపకాల పేరా తీసేసి, 50 సెంట్ల దగ్గర మొదలుపెట్టి రాయి. ట్రావిస్ వెంటే నడువు. రాశాక పంపు, చదువుతాను.

అమ్మ