కన్నం అంగుళంపావు ఉండాలి

యార్క్‌షైర్, ఇంగ్లండ్

బావగారికి నమస్కారాలు.

పిచ్చుకల పెట్టెలకి ఇక్కడి కొలతల కాగితం వడ్రంగికి ఇస్తానన్నారట, కాస్త ఆగండి. అందులో రాసిన 28 మిల్లీమీటర్ల కన్నం చెట్టుపిచ్చుకది. మన చూరు కింద తిరిగే ఊరపిచ్చుకకి 32 కావాలి, అంటే అంగుళంపావు. ఒక్క నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తగ్గినా ఒళ్ళు పట్టదు. రెండంగుళాలు చేస్తే గోరింకలు దూరతాయి.

రెండూ దగ్గరి చుట్టాలే. ఊరపిచ్చుకలో మగదానికే బూడిదరంగు నెత్తి, గొంతు కింద నల్లమచ్చ. చెట్టుపిచ్చుకలో ఆడామగా ఒకేలా ఉంటాయి: ఇటుకరంగు నెత్తి, తెల్లటి చెంప మీద నల్లచుక్క. అది మన తూర్పు కనుమల్లో, విశాఖ మన్యం వైపు ఉంది.

ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ పట్టికలో రెండింటికీ ముప్పు తక్కువనే రాస్తారు. అది చూసి నిశ్చింతగా ఉండకూడదండి. బ్రిటన్ సొంత లెక్కలో రెండూ ఎర్రజాబితాలోనే, అంటే ఎక్కువ బెంగ పెట్టుకోవాల్సిన పక్షుల్లోనే ఉన్నాయి. 1970 నుంచి 2008 లోపు ఇక్కడి చెట్టుపిచ్చుకల్లో నూటికి 93 పోయాయి. కోతలయ్యాక మోళ్ళలో రాలిన గింజలు, కలుపు విత్తులే వాటికి చలికాలపు తిండి. చలి రాకముందే మళ్ళీ దున్ని విత్తడం మొదలయ్యాక మోళ్ళు పోయాయి, కలుపుమందుతో విత్తులూ పోయాయి. ఊరపిచ్చుకకి తిండితోబాటు గూటి కరువు కూడా వచ్చింది. పాత ఇళ్ళు బాగుచేస్తూ కప్పుల కింద సందులన్నీ పూడ్చేశారు. మన పెంకుటిళ్ళు పోయి డాబాలు లేచినట్టే.

పెట్టె అడుగుభాగం ఆరంగుళాల చదరం, ఎత్తు పదంగుళాలు. కన్నం అడుగుభాగానికి అయిదంగుళాల పైన. కన్నం ముందు పుల్ల బిగించొద్దు, అది కాకికి పీట వేసినట్టే. అడుగున నాలుగు సన్నటి బెజ్జాలు ఉంచండి. ప్లైవుడ్ మన వానలకి ఉబ్బి పొరలు విడిపోతుంది, మామూలు చెక్కే మేలు, లోపల రంగు వద్దు. పడమటి గోడకి పెడితే ఎండకి పిల్లలు మాడిపోతాయి. ఉత్తరపు గోడకి, చూరు కింద, నిలువెత్తుకి పైన కొట్టించండి. జానెడు ఎడంలో మూడు నాలుగు ఉండాలి, అవి గుంపుగా కాపురం చేసే పిట్టలు.

వరికంకుల కుచ్చులు కడుతున్నారని అక్క చెప్పింది, చాలా సంతోషం. కానీ అది పెద్దవాటి మేత. పిల్లలకి తొలి రోజుల్లో పురుగులే పెడతాయి. దాళ్వా (రెండో పంట) వరిలో పురుగుమందు గుళికలు చల్లిన చేల మధ్య ఆ పురుగులు ఎక్కడ దొరుకుతాయి? పెరట్లో తోటకూర మడి, మందార కంచె మాత్రం మందు కొట్టకుండా వదిలేయండి.

పిల్లలు ఎగిరిపోయాక పాత గడ్డి తీసేసి వేడినీళ్ళు పోస్తే చాలు.

వడ్రంగి కన్నాలు ఇంకా కొట్టకపోతే ఈరోజే చెప్పించండి.

ఇట్లు
మీ బావమరిది