శీనుకు అమ్మ రాసే ఉత్తరం

బిడ్డా శీనూ,

మంచిగున్నవా? నువ్వు ఫోన్ చెయ్యక పదకొండు దినాలైంది. జన్నారంల సిగ్నల్ దొరకదంటవ్, అందుకే రాస్తున్న. ఇక్కడ మల్కాజిగిరిల అందరం మంచిగున్నం. బుజ్జికి జ్వరం తగ్గింది. సకినాలు డబ్బాకెత్తి బస్సుల పంపిన. అడుగున నువ్వుల ముద్దలున్నయి, ముందు అవే తిను.

మొన్న రాజవ్వ వచ్చింది. వాళ్ల పిల్లగాని ఫోన్ల నీ ఫొటో చూసిందట. నీ చేతిల ఎయిర్‌గన్, బండికి రెండు పిట్టలు వేలాడుతున్నయట. ఆమె మాట పట్టుకొని నిన్ను అనను. ఎవరిదో నీ చేతికిచ్చి ఫొటో దిగిన్రేమో. అంతే గద?

కింది పోర్షన్ వకీలు సారును ఊరికే అడిగిన. అడవి జంతువులను, పిట్టలను కాపాడే 1972 చట్టమట, 2022ల దాన్ని సవరించి జుర్మానాలు పెంచిన్రట. నెమలిని చంపితే మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్ల దాక జైలు, పైన 25,000కు తగ్గని జుర్మానా. కాపాడాలని చట్టంల రాసిన మిగిలిన పిట్టలకు చాలమట్టుకు మూడేండ్ల దాక జైలో, లక్ష దాక జుర్మానానో, రెండూనో. కానీ అభయారణ్యం లోపల వేటాడితే ఏ పిట్టైనా నెమలి లెక్కనే అన్నడు. మీ కవ్వాల్ అడవి అభయారణ్యమే గద బిడ్డా! గురిపెట్టి తప్పినా వేటేనట, గుడ్లు పగలగొట్టినా వేటేనట. బండి కూడ గుంజుకుంటరట.

మీ పెద్దమామ సంగతి నీకు సగమే తెలుసు. చేన్ల పెసర్లు తింటున్నయని జొన్నలకు మందు కలిపి గట్టు మీద చల్లిండు. పొద్దుగాల నేను, మీ తాత పోయి చూస్తే మూడు నెమళ్లు. రెండు చచ్చినయి. ఒకటి ఇంక నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. తాత దోసిట్ల నీళ్లు తెచ్చి పోసిండు. మెడ మీది నీలం ఈకలకు మట్టంటింది, నీళ్లు ఆ మట్టి మీద్నే జారిపోయినయి. ఒక్క చుక్క లోపలికి పోలె. అప్పటికే ఎవరో చెప్పిన్రు, ఫారెస్టోళ్లు జీపుల వచ్చిన్రు. మందు పెట్టుడు కూడ వేటేనని మామకు ఆ దినమే తెలిసింది. ఆరేండ్లు వాయిదాలు. ఎడ్ల జత అమ్మిన్రు. మీ అత్తమ్మ మెడల పుస్తెలు తప్ప ఏం మిగలలె. కేసు కొట్టేసిన నాడు కూడ మామ అన్నం ముట్టలె. ఆ మూడోదాని నోరే కండ్ల మెదులుతున్నదనేటోడు.

నీకు నీతులు చెప్పొద్దనే కూసున్న. కానీ కొలువు దొరికి ఏడాది కాలె, కేసు పడితే ఏం గావాలె? నలుగురు పోతుంటే వెంట పోవుడు దోస్తీ కాదు బిడ్డా. రానని చెప్పు. కోపమైతే కానీ.

డబ్బాల నాన్న స్వెటర్ కూడ పెట్టిన. అడివి చలి, వేసుకో. డబ్బా అందగనే ఫోన్ చెయ్యి. ఆ రెండు పిట్టలు ఏం పిట్టలో కూడ చెప్పు, కోప్పడ. రాత్రి పదకొండు దాక మేల్కొనే ఉంటున్న.

అమ్మ