నిజాం అంటే ఒక్కటి కాదురా

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో నా అరబిక్-ఇంగ్లీషు అనువాదం పని గురించి "రెండు భాషలూ వచ్చుగా, మార్చి పడేయడమేగా" అని తేల్చేశావు చూడు, అప్పట్నుంచీ నీకు రాయాలని చెయ్యి దురద పెడుతోంది.

నిజాం అన్న మాటే తీసుకో. మనకు ఆ పేరు వినగానే హైదరాబాద్ గుర్తొస్తుంది, నిజాం-ఉల్-ముల్క్ అన్న బిరుదులోంచి వచ్చిందది. ఇక్కడ రియాద్‌లో నా బల్ల మీదికొచ్చే కాగితాల్లో నిజాం అంటే చట్టం. కార్మిక చట్టం నిజాం అల్ అమల్, ట్రాఫిక్ చట్టం నిజాం అల్ మురూర్. కానూన్ అన్న మాట లేక కాదు, ఈజిప్టులో, కువైట్‌లో చట్టాలన్నీ కానూన్లే. సౌదీవాళ్లకు మాత్రం అసలు చట్టం షరియానే, సర్కారు రాసుకునేవి దాని కిందికొచ్చే ఏర్పాట్లు, అందుకే కానూన్ అన్న మాట జోలికి పెద్దగా పోరు. కొత్తగా చేరినవాళ్లు డిక్షనరీ తిప్పి 'లేబర్ సిస్టమ్' అని కొట్టేస్తారు, లండన్‌లో అది చదివిన లాయరు ఇదేదో సాఫ్ట్‌వేర్ కాబోలు అనుకుంటాడు! అదే మాట 2011లో కైరో తహ్రీర్ మైదానంలో "ఇస్కాత్ అన్నిజాం" అని జనం అరిచినప్పుడు మాత్రం రెజీమ్, అంటే గద్దె మీదున్న ప్రభుత్వం, దాన్ని కూలదోయాలని.

మజ్లిస్, అంటే సభ, దాని సంగతి ఇంకో తలనొప్పి. సౌదీ మజ్లిస్ అష్షూరాలో 150 మంది సభ్యులు, అందరినీ రాజే నియమిస్తాడు. కువైట్ మజ్లిస్ అల్ ఉమ్మాకు 50 మందిని జనం ఓటేసి పంపేవాళ్లు, 2024 మేలో అక్కడి పాలకుడు అమీర్ రద్దు చేసేదాకా. రెండిటికీ పార్లమెంట్ అని రాసేస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొదటిదాన్ని నేను షూరా కౌన్సిల్ అనే ఉంచుతాను, ఎవరేమన్నా సరే.

నాకు భలే నచ్చేది సౌదీ రాజు ఉత్తర్వుల నంబరు ముందుండే అరబిక్ అక్షరం. మీమ్ ఉంటే మర్సూమ్, అంటే రాయల్ డిక్రీ. అలిఫ్ ఉంటే అమ్ర్, రాయల్ ఆర్డర్. 2005 నాటి కార్మిక చట్టం మీమ్/51, 1992లో ఫహద్ రాజు ఇచ్చిన బేసిక్ లా, అంటే పాలనకు మూలమైన చట్టం, అలిఫ్/90. ఆ ఒక్క అక్షరం చూడకుండా రెండిటికీ డిక్రీ అని గీకేవాళ్లు ఎంతమందో.

అన్నట్టు, మీ బావమరిది లేబర్ కోర్టు కాగితం ఫోటో తీసి పంపు, వెనక పేజీ కూడా. తేదీ స్పష్టంగా కనపడేలా తియ్యి, గడువు లెక్కేయడానికి కావాలి. అమ్మను అడిగానని చెప్పు.

నీ,
రవి