తొట్టి ఎండేది సిమెంటు చాలక కాదు

సంపాదకులకు,

వేసవి వస్తోందంటే బెంగళూరులోని మన తెలుగువాళ్లు చందాలు పోగుచేసి అనంతపురం, పావగడ వైపు సొంతూళ్లలో పశువుల నీటి తొట్లు కట్టిస్తుంటారు. మంచి పనే. కాకపోతే డబ్బంతా సిమెంటుకే పోతోంది.

లెక్క చూడండి. ఎండల్లో గొర్రెకు రోజుకు ఐదారు లీటర్లు, నాటు ఆవుకు 40–50 లీటర్లు కావాలి. వెయ్యి గొర్రెలు, వంద పశువులున్న ఊరికి సుమారు పదివేల లీటర్లు. 20 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు తొట్టిలో పట్టేది 1,700 లీటర్లు. మంద ఒక్కసారిగా ఎగబడుతుంది; బోరు సన్నగా పోస్తుంటే వెనకున్నవి దప్పికతోనే మళ్లిపోతాయి. తొట్టి చిన్నదైనా ఫర్వాలేదు, పక్కన ఎత్తు మీద 5,000 లీటర్ల ట్యాంకులు రెండుండాలి. కరెంటున్నప్పుడు అవి నిండితే, తొట్టికి నీళ్లు వాటి నుంచి వస్తాయి.

తొట్టి నిండగానే నీళ్లు ఆపే ఫ్లోట్ వాల్వ్‌ను బయటికి కనపడేలా పెడితే ఎద్దు కొమ్ముకు నాలుగు రోజులు ఆగదు. తొట్టి చివర అడ్డుగోడ కట్టి, ఆ గోడ కింది భాగంలో రంధ్రం వదిలి, వాల్వ్‌ను ఆ అరలో పెట్టి పైన నాపబండ మూయాలి. రెండో చివర, వాలు దిగేచోట, 2 అంగుళాల తూము ఉండాలి. అది లేని తొట్టిని ఎవరూ కడగరు, బకెట్లతో ఎవరు తోడతారు? పదిహేను రోజులకోసారి పాచి గీకి, లోపల సున్నం కొట్టి, ఆరాకే నీళ్లు వదలాలి. అంచు ఎత్తు పశువులకు రెండడుగులు, గొర్రెలకు అడుగు. ఒకటే తొట్టయితే ఒకవైపు మట్టి పోసి ఎత్తు చేస్తే సరి. చుట్టూ ఆరడుగులు బండలు పరవకపోతే బురదకు గిట్టలు కుళ్లుతాయి, నత్తలు చేరితే కార్జపు జలగ (కాలేయంలో చేరే పరాన్నజీవి) పట్టుకుంటుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు చోటు. దాత పేరు పదిమందికీ కనపడాలని ఊరి మొదట్లోనే కడతారు. మంద నీళ్లను వదిలి దూరం పోదు. ఊరి చుట్టూ బీడు గొరిగినట్టవుతుంది, నాలుగు కిలోమీటర్ల అవతల గడ్డి నిలువునా ఎండిపోతుంది. కాపరులను అడిగి రెండు తొట్లు రెండు దిక్కుల బీళ్లలో కట్టి, ఒక్కోదానికి గేట్ వాల్వ్ పెట్టండి. ఒకవైపు మేత తగ్గగానే అటు నీళ్లు కట్టేస్తే మంద తనంతట తానే రెండోవైపు మళ్లుతుంది.

చందాలో కొంత మిగిల్చి కడిగే మనిషికి నెలనెలా కూలి ఇవ్వండి. ఫ్లోట్ వాల్వ్‌లు రెండు ఎక్కువే కొని ఊళ్లో ఉంచండి.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు