ఈ ఏటి ఆవకాయ గురించి ఉన్నమాట

మా దగ్గర ఆవకాయ కొన్న అందరికీ,

మేలో కలిపిన జాడీల్లో 31 జాడీలు బూజు పట్టాయి. వాటిలోంచి నింపిన సీసాలు కొన్ని మీ ఇళ్లకు చేరిపోయాయి. మూత మీద పసుపు చీటీ ఉంటే అది ఆ సరుకే, తినకండి. రాజమండ్రిలో ఉన్నవాళ్లు కొట్టుకు తెచ్చివ్వండి, బిల్లు అడగను. దూరం వాళ్లు ఫొటో పంపితే చాలు. డబ్బు కావాలా, ఇంకో సీసా కావాలా, మీ ఇష్టం.

మా అమ్మ పెట్టిన ఆవకాయలో రెండో ఏడు కూడా ముక్క గట్టిగా ఉండేది. ఆవిడ కూతురి జాడీలో బూజు! ఈ ముక్క రాయడానికే నాకు మూడు రోజులు పట్టింది.

దెబ్బ కొట్టింది ఉప్పు. ఇదివరకు కల్లుప్పు తెచ్చి, ఎండబోసి, మేమే దంచుకునేవాళ్లం. ఆర్డర్లు పెరిగాక ఆ పని వ్యాపారికి అప్పజెప్పాను. "ఎండబెట్టి, ఆడించి ఇస్తానండి, మీరు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. నౌపడ ఉప్పే, సరుకులో వంక లేదు. కానీ ఈసారి బస్తాలు చెమ్మగా వచ్చాయి. చెమ్మ ఉప్పు సోల నిండినట్టే కనిపిస్తుంది గానీ అందులో ఉండాల్సినంత ఉప్పు ఉండదు. ముక్కకు ఉప్పు చాలలేదు, పైగా తడి. నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ "దార్లో వాన తగిలిందండి" అన్నాడు. ఒక టార్పాలిన్ కప్పడానికి ఏం రోగం? అతని బాకీ కట్టను. ఊరంతా చెప్పుకున్నా కట్టను.

బూజు చూసిన రోజు, ఉప్పు కొలిచే పిన్నిని అందరిముందూ కడిగేశాను. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, "తడి తగిలిందని తెలుసండి అమ్మాయిగారూ. పోయినేడు కారం రంగు బాలేదంటే 'నీ పని నువ్వు చూసుకో' అన్నారు కదండి" అంది.

రాత్రి మా బాబాయికి ఫోన్ చేశాను. ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు, నాకు వ్యాపారం నేర్పింది ఆయనే. ఎన్ని జాడీలు పోయాయని అడగలేదు. "ఎవర్ని తిట్టావే?" అన్నాడు.

ఆయనకు డెమింగ్ అంటే గురి. 1950లో జపాన్ వెళ్లి అక్కడి ఇంజనీర్లకు, కంపెనీ పెద్దలకు నాణ్యత పాఠాలు చెప్పిన అమెరికన్. (ప్లాను వేసి, చేసి, చూసి, దిద్దుకునే పద్ధతిని జపాన్ వాళ్లు డెమింగ్ చక్రం అంటే, ఆయన మాత్రం దాన్ని తన గురువు షూహార్ట్ పేరుతోనే పిలిచేవాడు. ఇది చెప్పేటప్పుడు బాబాయి గొంతు బొంగురుపోతుంది.) డెమింగ్ తెల్లపూసల్లో ఎర్రపూసలు కలిపి, యాభై గుంటలున్న చెక్కతో తీయించేవాడు. ఎర్రపూస వస్తే తప్పు. నా చిన్నప్పుడు మా పెరట్లో బాబాయి అదే ఆట బొబ్బర్లతో, మినుములతో ఆడించాడు. కళ్లు మూసుకుని గరిటెతో తీయాలి. నాకు తొమ్మిది మినుములొస్తే మొట్టికాయ, తమ్ముడికి నాలుగొస్తే బిళ్ల. నేను ఏడ్చాక, "పళ్లెంలో మినుములు పోసింది నేను కదే, నువ్వేం చేస్తావ్?" అని నవ్వాడు. ఇన్నేళ్లూ దాన్ని పిల్లలాటనే అనుకున్నాను. పిన్ని చేతికి ఆ తడి బస్తా ఇచ్చింది నేనే.

పైపైన తీసేసి, ఉప్పూ నూనే కలిపి ఎండలో పెడితే సరిపోతుందని అందరూ అన్నారు. ఇంట్లో అయితే నేనూ అదే చేద్దును. రెండు రాత్రులు నిద్ర లేదు. కాయల కాలం అయిపోయింది, మళ్లీ పెట్టే వీల్లేదు. బ్యాంకు వాయిదా ఒక టెన్షన్. మూడో రోజు పొద్దున్నే 31 జాడీలూ గోతిలో పోయించాను. మిగతా జాడీలకు ఉప్పు వేరే విడతలో వచ్చింది. ఒక్కొక్కటీ విప్పి చూశాం, బాగున్నాయి. అవి అయిపోతే ఈ ఏడుకి ఇంతే. ధర పెంచను.

ఇకమీదట ఉప్పు మేమే ఎండబోసుకుంటాం. పిన్నిని కసిరింది అందరిముందు కాబట్టి, తప్పయిందనీ అందరిముందే చెప్పాను. టయోటా ఫ్యాక్టరీల్లో పనివాళ్లు తాడు లాగి లైను ఆపించవచ్చని బాబాయి చెబుతాడు. మా షెడ్డులో ఇత్తడి గంట కట్టాను. ఎవరు కొట్టినా పని ఆగాలి, ఎందుకు కొట్టావని నేను అరవకూడదు.

పోయిన గురువారం మొదటిసారి మోగింది. గోంగూర ఇంకా తడి ఆరలేదట. నలభై నిమిషాలు పని ఆగింది, బయట కొరియర్ కుర్రాడు హారన్ కొడుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. వెళ్లి ఆకు పట్టుకు చూశాను. తడిగానే ఉంది.