జైళ్ల శాఖ డీజీ గారికి బహిరంగ లేఖ: రాత్రిపూట తాళాలు ఎవరి దగ్గరుంటాయి సార్?

నమస్తే సార్. సూటిగా అడిగేస్తున్నా, అర్ధరాత్రి బ్యారక్‌లో మంటలు లేస్తే తాళం తీసేదెవరు, ఆ మనిషే భయపడి పారిపోతే ఇంకో సెట్ ఎక్కడుంటుంది? ఊరికే భయపెట్టడానికి అనట్లేదు, 2012 ఫిబ్రవరిలో సెంట్రల్ అమెరికా దేశం హోండురాస్‌లోని కొమయాగువా జైల్లో సరిగ్గా ఇదే జరిగింది, సెల్స్‌కి తాళాలేసి ఉండగానే 350 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో చాలామందికి అసలు శిక్షే పడలేదు. మామూలు బిల్డింగ్‌లో అయితే జనం ఎలాగోలా బయటకి ఉరుకుతారు, ఇక్కడ తలుపు వేసింది మనమే కాబట్టి తీసే బాధ్యత కూడా మనదే కదా.

వరద సంగతీ అంతే. 2005లో కత్రీనా తుఫానప్పుడు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ జైల్లో ఖైదీల్ని ముందే తరలించలేదు, కరెంటు పోయి నడుముదాకా నీళ్లొచ్చాక బోట్లలో తెచ్చారు. బస్సులు, వేరే జైల్లో చోటు, మందులు, ఎవరు ఎక్కడున్నారో లిస్టు, ఇవన్నీ తుఫాను హెచ్చరిక వచ్చాక వెతుక్కునేవి కావు. జైలు కెపాసిటీకి మించి జనాన్ని కుక్కితే ఏ ప్లానూ పనిచేయదు, అది మీకూ తెలుసు (తెలిసే ఉండాలి!).

సెక్యూరిటీ కారణాలతో ప్లాన్ చెప్పం అంటారా, సరే. ప్రతి జైల్లో చివరిసారి రాత్రి షిఫ్ట్‌లో ఖైదీల్ని బయటకి తెచ్చే డ్రిల్ ఎప్పుడు చేశారో, తాళాలన్నీ తీయడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో మాత్రం బయటపెట్టండి.