షోరీల్ (చేసిన పనుల నమూనా వీడియో) చూసి ఎంపిక చేయండి: నైపుణ్య శిక్షణ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారం.

యానిమేషన్ శిక్షకుల ఎంపికలో డిప్లొమా తప్పనిసరి అన్న నిబంధన మార్చమని రెండుసార్లు విన్నవించాం. జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాం.

అభ్యర్థి చేత సెకనుకు 24 ఫ్రేముల్లో (విడి చిత్రాల్లో) ఒక నడక చేయించండి. పాదం నేలకు ఆనే భంగిమలు 1, 13, 25 ఫ్రేముల్లో, ఒక కాలు రెండోదాన్ని దాటేవి 7, 19లో పడాలి. మధ్యవన్నీ సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే పాదం జారుతుంది, నడుము బరువుకు తగ్గట్టు కిందికీ పైకీ కదలక బొమ్మ గాలిలో తేలినట్టుంటుంది. కదలికను గీతలుగా చూపే గ్రాఫ్ ఎడిటర్‌లో ఆ గీతల వంపులు సరిదిద్దడం ఎవరికి వచ్చో అక్కడే తేలిపోతుంది. ఏ సర్టిఫికెట్టూ ఆ సంగతి చెప్పదు.

బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితం కనుక ఇంట్లోనే నేర్చుకోవచ్చు. తప్పు ఎత్తిచూపే గురువు మాత్రం ఇంట్లో దొరకరు. కాలేజీ విలువ అక్కడుంది, కాదనం. కానీ ఫీజు కట్టలేని ఇంటి పిల్లలు చేతిలో విద్య ఉండి కూడా గుమ్మం బయటే ఆగిపోతున్నారు.

డిప్లొమాకు బదులు 60 సెకన్ల షోరీల్, 3 గంటల ప్రత్యక్ష పరీక్ష పెట్టండి. శిక్షణ కేంద్రాల్లో వారానికో సాయంత్రం, సొంతంగా నేర్చుకునేవారి పనిని సమీక్షించే ఏర్పాటు చేయండి. దరఖాస్తుల గడువు ముగిసేలోగా రాతపూర్వక జవాబు కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు యానిమేటర్లు